అరచేతిలో ఆవగింజంత

మా ఆయన ఎడమచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోతుంది. మా వాటర్ సర్వీసింగుకు కొత్తగా వచ్చినవాళ్ళు ముందు ఆ చెయ్యి చూస్తారు, తర్వాత మిషన్ చూస్తారు. "కరెంటు కొట్టిందా అక్కా?" అంటారు. కరెంటు కాదు, నీళ్ళు అంటాను. ఎవరూ నమ్మరు. నీళ్ళకి చెయ్యి పోయేదేందని ఒకాయన నా ముందే నవ్వాడు. ఎవరినైనా ఎడాపెడా కడిగేసే నోరు నాది, అయినా ఆయన్ని ఏమీ అనలేదు. మొదట నవ్వింది నేనే కదా. ఆ నవ్వు లేకపోతే ఆ చెయ్యి ఉండేదేమో. ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అందుకే రాస్తున్నాను.

మాది బొల్లాపల్లి వైపు ఒక మెట్ట ఊరు. వానొస్తే పంట, లేకపోతే ఆకాశం చూస్తూ కూర్చోవటం. వేసవి వస్తే ట్యాంకరు దగ్గర బిందెలు వరసలో పెట్టి, అవి జరక్కుండా కాపలా కాసేవాళ్ళం. చెంబు నీళ్ళు ఒలకబోస్తే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. అలాంటి దాన్ని, నలభై దాటాక నరసరావుపేట వచ్చి, పొద్దస్తమానం ట్రాక్టర్ల మీద నీళ్ళు కొట్టి బతుకుతానని ఎవరన్నా చెబితే దిష్టి తీసుకోమనేదాన్ని. మిరప వరసగా దెబ్బతీసింది. కౌలు వదిలేసి, ఊరి చివర రోడ్డు పక్కన బోరున్న రేకుల షెడ్డు ఒకటి తీసుకున్నాం. మొదటిరోజు నీళ్ళు జోరుగా చిమ్మే మిషన్ ఆన్ చేసి నల్లరేగడి మట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంటే మా ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. నేను మాత్రం కాలవలోకి పోయే నీళ్ళను చూసి లోలోపల గింజుకున్నాను.

మేమేమీ ఒళ్ళు తెలియకుండా పని చేసేవాళ్ళం కాదు. కరెంటంటే నాకు చచ్చేంత భయం. పక్క షెడ్డులో డీజిల్ పంపులు బాగుచేసే భాయ్ ఉన్నాడు. మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. బోర్డు గోడకి ఎత్తులో బిగించింది ఆయనే, దగ్గరుండి ఎర్తింగ్ గుంట తవ్వించిందీ ఆయనే. కాళ్ళకి రబ్బరు బూట్లు లేకుండా మిషన్ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. తడిచేత్తో స్విచ్చి దాకా పోతే చీపురు తిరగేసేదాన్ని. కానీ నీళ్ళకు భయపడాలని మాకు ఎవరు చెప్పాలి? మిషన్ పెట్టెలో ఇంగ్లీషులో ఒక చిన్న పుస్తకం వచ్చింది. అందులో ఒక అరచెయ్యి, దాని మీదకి నీటి గీత, పైన ఎర్ర ఇంటూ గుర్తు. ఆ బొమ్మ నేను చూశాను. నీళ్ళకి చెయ్యి అడ్డం పెట్టే తిక్కవాళ్ళు ఎవరుంటారని నవ్వుకుని, ఆ పుస్తకాన్ని ఫ్రిజ్ మీద పడేశాను.

పెట్టెలో ఒక జత గ్లౌజులు కూడా వచ్చాయి. మందంగా, మోచేతుల దాకా ఉండేవి. ఆ రోజుల్లో షెడ్డుకి బళ్ళు రాని పూటలు నేను మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయేదాన్ని. ఇంటికొచ్చేసరికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుండేవి, అన్నం కలుపుకోవటానికి కూడా అయ్యేది కాదు. రెండు రోజులు చూసి మా ఆయన ఆ గ్లౌజులు నా ఒళ్ళో వేశాడు. "నాకు నీళ్ళేగా తగిలేది, నీకేమో మంట. నువ్వు పెట్టుకో" అన్నాడు. నేనూ వద్దనలేదు. గ్లౌజు ఆ నీటిని ఆపేది కాదని తర్వాత అందరూ అన్నారు. కానీ గ్లౌజు ఉన్న చేత్తో ఆయన ఆ పని చేసేవాడే కాదని నాకు తెలుసు. ఎందుకో చెబుతాను.

అంతకంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఓర్పుగల మనిషని ఆయన్ని ఎవరూ అనరు. ముల్లు గుచ్చుకుంటే మంచం, జలుబు చేస్తే మఫ్లరు, తలనొప్పి వస్తే ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. ఆయన నొప్పుల జాబితా కొండవీటి చాంతాడే. "ఏమే, ఇక్కడ ఏదో లాగుతుందే," "ఏమే, ఇటు చూడు, వాచినట్టు లేదూ?" పొద్దున లేస్తే ఇదే పారాయణం. నేను ఆయన మూలుగుని అచ్చం ఆయనలాగే మూలిగి చూపించేదాన్ని. వీధిలో ఆడవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు. మా మధ్య సరసమంటే అదే. ఆ ఏడాదే ఒకసారి గుండెలో పోటన్నాడు. పడుతూ లేస్తూ గుంటూరు తీసుకుపోయాను. అన్నీ చూసి, గ్యాసు అన్నారు. తిరుగు బస్సులో ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నేను ఏడిపిస్తూనే ఉన్నాను. ఆ తర్వాత చానా రోజులు వీధిలో ఆయన పేరు గ్యాసాయనే.

ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఒక ట్రాక్టరు వచ్చింది. దాని వెనక మట్టి గుల్లచేసే రొటావేటరు పళ్ళ మధ్య రేగడి ఎండి రాయిలా పట్టుకుని ఉంది. మామూలుగా నీళ్ళు విసనకర్రలా విచ్చుకునే నాజిల్ వాడతాం. దానికి ఊడకపోతే, నీళ్ళు ఒకటే గీతలా వచ్చే నాజిల్ బిగిస్తాం. ఆయన అదే బిగించాడు. కాసేపటికి ఆ గీత వంకరపోయింది, ఏదో నలక అడ్డం పడింది. ఆయన నాజిల్ విప్పి, పిన్నీసుతో పొడిచి, నోటితో ఉఫ్ అని ఊది మళ్ళీ బిగించాడు. బిగించి, ఎడమ అరచెయ్యి నాజిల్ ముందు పెట్టాడు.

పల్నాడులో మిరపకు మందు కొట్టిన ప్రతి మగవాడూ ఈ పని చేస్తాడు. వీపున పంపు వేసుకున్నప్పుడు నాజిల్ మూసుకుపోతే ఊదుతాడు, బిగిస్తాడు, అరచేతి మీద కొట్టి చూసుకుంటాడు. తుంపర అంతటా సమానంగా తగిలితే సాలులోకి దిగుతాడు. అది ఒట్టి చేతికే తెలుస్తుంది, గ్లౌజు ఉంటే తెలియదు. మా ఆయన ఇరవై ఏళ్ళు మందు కొట్టాడు. అన్నం ముద్ద నోటికి పోవటానికి చేతికి ఎవరైనా దారి చెప్తారా, ఇదీ అంతే. షెడ్డులో కూడా ఆయన అట్లా చూసుకోవటం నేను ఎన్నోసార్లు చూశాను. అప్పుడు విచ్చుకునే నాజిల్ ఉండేది, చెయ్యి కాస్త దూరంగా ఉండేది. ఆ పూట ఒకటే గీత, చెయ్యి జానెడు దూరంలో కూడా లేదు. ట్రిగ్గర్ నొక్కాడు.

నేను అటువైపు బకెట్లో సోపు కలుపుతున్నాను. "అబ్బా" అన్న కేక విని తల కూడా తిప్పలేదు. రోజూ వినే కేకే కదా. రెండోసారి పిలిచాక వెళ్ళాను. అరచెయ్యి చాపి నిలబడ్డాడు. చూపుడు వేలు మొదట్లో ఆవగింజంత చుక్క. రక్తం లేదు, గీరుకుపోయింది లేదు.

"లోపలికి పోయిందే" అన్నాడు. "ఏదో వేలులోకి పాకినట్టుందే."

"ఏదయ్యా దెబ్బ? కళ్ళజోడు తెచ్చుకోమంటావా?" అన్నాను. ట్రాక్టరాయన పకపకా నవ్వాడు. నాకు ఇంకా హుషారొచ్చింది. మా ఆయన మూలుగు మూలిగి చూపించాను.

నవ్వులు విని భాయ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఏందని అడిగి, ఆ చెయ్యి వెలుగులోకి తిప్పి చూశాడు. నేను ఆయన కూడా నవ్వుతాడనుకున్నాను.

"వదినా, ఇది చిన్న దెబ్బ కాదు" అన్నాడు. "మా ఉస్తాదు పంపు టెస్టింగు చేస్తుంటే డీజిలు ఇట్టాగే వేలులోకి దూరింది. చుక్క రక్తం రాలా. మూడో రోజుకి వేలు తీసేశారు. నా మాటిని ఇప్పుడే గుంటూరు తీసుకుపో."

"అది డీజిలు భాయ్, ఇది నీళ్ళు. మీ అన్న సంగతి నీకు తెలవదా? మొన్న గ్యాసుకే గుంటూరు తీసుకుపోయినదాన్ని. ఇప్పుడు దీనికి పోతే గేటు దగ్గరే నవ్వుతారు" అన్నాను.

భాయ్ నన్ను వదిలేసి అటు తిరిగాడు. "అన్నా, నువ్వు పద. బండి తీస్తా" అన్నాడు మా ఆయనతో.

అప్పుడు మా ఆయన నావైపు చూశాడు. నేను ఒక్కసారి తల ఊపితే చాలు, బండెక్కేవాడు. నడుం మీద చేతులు పెట్టుకుని, ముఖంలో ఆ వెటకారం అలాగే ఉంచుకుని నిలబడ్డాను. చిన్నపిల్లాడు పీర్లపండగలో బొమ్మ కొనమని అడగటానికి జంకినట్టు జంకాడు. "వద్దులే భాయ్, తగ్గుద్దిలే" అన్నాడు. నేను ఇంత పసుపు అద్ది, గుడ్డ చుట్టాను. ట్రాక్టరులో మిగిలిన భాగాన్ని మా ఆయనే, నీళ్ళు కొట్టే గన్నుని మోచేతి మీద ఆనించుకుని కడిగాడు.

మధ్యాహ్నం అన్నం సగంలో లేచాడు. వేళ్ళు చల్లగా ఉన్నాయి, తనవి కానట్టున్నాయి అన్నాడు. నొప్పిబిళ్ళ ఇచ్చాను. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంటే, "బాలింతలాగా ఏం కూర్చున్నావయ్యా" అన్నాను. ఈసారి ఆయన నవ్వలేదు. పొద్దు వాలే వేళకి వాపు మణికట్టు దాకా వచ్చింది. వాచ్ బెల్టు వదులు చేసుకోలేక నన్ను పిలిచాడు. నేను బెల్టు తీస్తుంటే మెల్లగా అన్నాడు.

"ఏమే, ఇయ్యాల నిజంగానే నొప్పిగా ఉందే."

నిజంగానే అన్నాడు. అంటే నేను నమ్మనని తెలిసే అన్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నా తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. అప్పుడు నేను అన్నది, "పొద్దున్నే చూద్దాంలే, పడుకో" అని.

తెల్లారేసరికి చెయ్యి ఉబ్బి నున్నగా మెరుస్తోంది. చూపుడు వేలు వంకాయ రంగుకి తిరిగింది. నేను గడప దగ్గర నిలబడి భాయ్‌ని పిలిచిన కేకకి వీధంతా బయటకొచ్చింది. పేటలో డాక్టరు చెయ్యి ముట్టుకోను కూడా ముట్టుకోలేదు, చీటీ రాసి గుంటూరు పొమ్మన్నాడు. దారిలో ఆయన ఒక్కసారి కూడా మూలగలేదు. 'మూలుగయ్యా' అని నేను మనసులో బతిమాలుకుంటూ కూర్చున్నాను. మూలిగితే అది మామూలు నొప్పే అయి ఉంటుందని నాకు ఒక పిచ్చి ఆశ.

గుంటూరులో చిన్నవయసు డాక్టరమ్మ రాసుకుంటూ, ఎప్పుడు తగిలిందని అడిగింది. నిన్న పొద్దున తొమ్మిదింటికి అన్నాను. ఆవిడ రాయటం ఆపింది.

"నిన్న పొద్దుననా?" అంది.

ఆవిడ కసురుకోలేదు. నా చెయ్యే పట్టుకుని, దాని మీద వేలితో గీసి చూపించింది. అంత జోరుగా దూరిన నీళ్ళు ఆ చుక్క దగ్గర ఆగవట. నరాల వెంట వేలు పొడుగునా, అరచేతి లోపలా చీల్చుకుంటూ పోతాయట. సోపూ, పైపులో మురికీ అన్నీ వాటితో పాటే పోతాయి. లోపల వాచి, రక్తం అందక, కండ చచ్చిపోతుంది. పైన మాత్రం ఆవగింజంత కనబడుతుంది. "వెంటనే వచ్చుంటే తెరిచి శుభ్రం చేసేవాళ్ళం అమ్మా. చెయ్యి దక్కేదేమో" అంది. ఆ చివర 'ఏమో' ఒక్కటే నాకు మిగిల్చిన దయ. ఇప్పటికీ దాన్నే పట్టుకుని ఉన్నాను, కానీ దాంతో మనసు ఊరుకోవటం లేదు.

మా ఆయన స్ట్రెచర్ మీద అన్నీ వింటున్నాడు. నేను తల వంచుకుని, ఇప్పుడు చెప్తాడు, భాయ్ పోదామంటే ఇదే నవ్విందని చెప్తాడు అనుకున్నాను. చెప్పాలనే కోరుకున్నాను. ఆయన డాక్టరమ్మ వైపు తిరిగి, "నేనే రాలేదమ్మా, షెడ్డులో పని ఎక్కువుండి" అన్నాడు.

మూడుసార్లు లోపలికి తీసుకుపోయారు. మొదట కోసి కడిగారు. తర్వాత రెండు వేళ్ళు. ఆ పై వారం, ఇంక ఆగితే మోచెయ్యి దాకా పోతుందని మణికట్టు దగ్గర. మూడుసార్లూ కాగితం మీద సంతకం నేనే చేశాను. మూడోసారి పెన్ను పట్టుకున్నప్పుడు, నా చేతులు మిరపకాయలకి కూడా మండకుండా ఉండాలని గ్లౌజులిచ్చిన మనిషి చెయ్యి తీసెయ్యమని రాస్తున్నానని తెలిసి, వరండాలో అందరి ముందూ ఏడ్చాను. చూడటానికి వచ్చిన బంధువొకావిడ, చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంది. సామెత నోటికొచ్చింది, అనేసింది, పాపం ఆవిడ తప్పేమీ లేదు. ఆవిడతో నేను ఇప్పటికీ మాట్లాడను.

షెడ్డు నడుస్తోంది. గన్ను ఇప్పుడు నేనే పడతాను. ఆయన పైపు చూసుకుంటాడు, మిషన్ ఆపుతాడు, బళ్ళు వరసలో పెట్టిస్తాడు. నాజిల్ విప్పాలంటే ముందు మోటారు ఆపాలి, ట్రిగ్గరు నొక్కి లోపలున్న జోరు పోనివ్వాలి, తర్వాతే చెయ్యి పెట్టాలి. ఇది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. మాచర్ల రోడ్డులో, గురజాల రోడ్డులో ఎక్కడ వాటర్ సర్వీసింగ్ కనబడినా బస్సు దిగి మరీ చెప్పొస్తాను. అరచెయ్యి చూపించి, ఇక్కడ, ఇంతే, ఆవగింజంత అంటాను. కొందరు వింటారు. కొందరు వెనక నవ్వుకుంటారు, నాకు వినబడుతూనే ఉంటుంది. భాయ్ మాత్రం నేను ముందే చెప్పాను కదా వదినా అని ఇంతవరకు అనలేదు. అంటే బాగుండు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున ఆయనకు వీపు రుద్దుతున్నాను. ఒంటిచేత్తో వీపు అందదు కాబట్టి ఆదివారం ఆదివారం ఆ పని నాది. కుడి భుజం వెనక అరచేతి వెడల్పున కాలిన పుండు. బొబ్బ చితికి, చొక్కాకి అంటుకుని, మళ్ళీ ఊడి, అంచులు నల్లబడి ఉంది. చూస్తే నిన్న మొన్నటిది కాదు. చెంబు నా చేతిలోంచి జారింది.

"ఇదేందయ్యా?"

"ట్రాక్టరు సైలెన్సరు తగిలిందిలే."

"ఎప్పుడు?"

"అయిదారు రోజులైంది."

"నాకు చెప్పొద్దా? అంత కాలితే చెప్పకుండా ఎట్టా పడుకున్నావు నా పక్కన?" అని అరిచాను. నా గొంతు నాకే వికారంగా వినబడింది.

ఆయనకు కోపమేమీ లేదు. తల తుడుచుకుంటున్నంత మామూలుగా అన్నాడు. "ఏమోనే. చెప్పే అలవాటు పోయింది."

ముల్లు గుచ్చుకుంటే మంచమెక్కే మనిషి. ఆ తడి బండ మీదే కూర్చున్నాను. మూలుగయ్యా, నీకు దణ్ణం పెడతా, ఒక్కసారి అబ్బా అను, నేను నవ్వను అన్నాను. ఆయన నా తల మీద కుడిచెయ్యి వేసి, ఊరుకోవే, ఎవరన్నా వింటారు అన్నాడు. చానాసేపటికి లేచి, వేరే చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, ఆ పుండు మీద కొద్ది కొద్దిగా పోశాను. నీళ్ళు పడ్డచోట వీపు జలదరించింది, మెడ నరం బిగిసింది.

"మండుతుందా?" అని అడిగాను.

"లేదు" అన్నాడు.